పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్: ముందు బ్రౌజర్ సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: 2016 నాటి ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆ విండోస్‌కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 ఈ మెషీన్ మీద ఎక్కనంటోంది. విండోస్‌కి బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే, దాని రకాల్లో ఏది వేసుకోవాలి, అందులో ఏ బ్రౌజర్ వాడాలి, ఇన్నేళ్ల బుక్‌మార్కులూ పాస్‌వర్డ్‌లూ ఏమైపోతాయి?

ఈ వరసని తిరగేయండి. ఆ ల్యాప్‌టాప్‌లో రోజూ చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాస్తే చాలామందికి ఎక్కువ భాగం బ్రౌజర్‌లో జరిగేవే తేలతాయి: మెయిలు, వీడియోలు, బ్యాంకు, ఆన్‌లైన్ ఫారాలు, వార్తలు. అందుకే విండోస్‌లో ఉండగానే బ్రౌజర్ మార్చి, రెండు మూడు వారాలు దానితోనే గడపండి. లినక్స్ ఆ తర్వాత. అప్పుడు ఏదైనా సైటు మొరాయిస్తే అది బ్రౌజర్ తంటానా, లినక్స్ తంటానా అన్నది ముందే తెలిసి ఉంటుంది. రెండూ ఒకేరోజు మార్చినవాళ్లు ప్రతి చికాకునీ లినక్స్ ఖాతాలోనే రాసేస్తారు.

ఏ బ్రౌజర్

పేర్లు పాతిక కనిపించినా జనం వాడేవాటి లోపల ఉన్న ఇంజన్లు, అంటే సైటు కోడ్‌ని చదివి పేజీగా చూపించే భాగాలు, మూడే. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డి అన్నీ బ్లింక్ మీద నడుస్తాయి. ఫైర్‌ఫాక్స్‌ది గెకో. సఫారీది వెబ్‌కిట్, లినక్స్‌లో గ్నోమ్ వెబ్ అనే చిన్న బ్రౌజర్‌దీ అదే. 2013లో గూగుల్ వెబ్‌కిట్ నుంచి విడిపోయి బ్లింక్ పెట్టుకుంది. అదే ఏడాది ఒపెరా సొంత ఇంజన్ వదిలేసింది. 2020 జనవరిలో ఎడ్జ్ కూడా ఆ గూటికే చేరింది. కాబట్టి క్రోమ్ నుంచి బ్రేవ్‌కి మారితే సైట్లు నడిచే తీరులో పెద్ద తేడా ఉండదు. మారేది ప్రకటనల్ని ఆపే పద్ధతి, సింక్ (మీ పరికరాలన్నిటిలో బుక్‌మార్కులూ పాస్‌వర్డ్‌లూ ఒకేలా ఉంచేది), సెట్టింగ్‌లు, అంతే.

మీ మెషీన్‌కి నా సలహా: ప్రధాన బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్, పక్కన అవసరానికి ఒక క్రోమియం జాతి బ్రౌజర్ (క్రోమియం అంటే క్రోమ్‌కి మూలమైన ఓపెన్ సోర్స్ బ్రౌజర్). ఇందులో సిద్ధాంతం కంటే ర్యామ్ లెక్కే ఎక్కువ. ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి బలంతో పనిచేస్తుంది. క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల నిబంధనల్ని మానిఫెస్ట్ వీ3కి మార్చాక అక్కడ దాని కుదించిన లైట్ రూపమే మిగిలింది. 4 జీబీ మెషీన్‌లో వార్తల సైటు ఒకటి తెరిస్తే, అసలు వార్త కంటే చుట్టూ ఉన్న ప్రకటనల స్క్రిప్టులే ఎక్కువ మెమరీ తింటాయి. వాటిని మొదట్లోనే ఆపేస్తే పాత ప్రాసెసర్ ఊపిరి పీల్చుకుంటుంది. ఎక్స్‌టెన్షన్ మాత్రం ఒక్కటే చాలు. రెండు మూడు అడ్డుకట్టలు ఒకేసారి పెడితే ఒకదాని కాలు ఒకటి తొక్కుకుని సైట్లు విరుగుతాయి.

ఫైర్‌ఫాక్స్‌తో ఇబ్బందులు లేకపోలేదు. కొన్ని సైట్లవాళ్లు క్రోమ్‌లో తప్ప పరీక్షించరు. బ్రౌజర్‌లోంచే యూఎస్‌బీ పరికరంతో మాట్లాడే పేజీలు, ఉదాహరణకి ఫోన్‌లోకో చిన్న బోర్డులోకో ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించేవి, ఫైర్‌ఫాక్స్‌లో చాలావరకు నడవవు. రెండో బ్రౌజర్ ఉంచుకోమన్నది అందుకే. ఇంకో మాట: ఫైర్‌ఫాక్స్ గూగుల్‌కి ప్రత్యామ్నాయం అంటూ చెప్పేవాళ్లు మర్చిపోయేది ఏమిటంటే, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా ఆదాయంలో పెద్ద భాగం గూగుల్ సెర్చ్ ఒప్పందం నుంచే వస్తుంది.

ఆ రెండోది ఏదన్నది మీ ఇష్టం. గూగుల్ ఖాతాతో సింక్ కావాలంటే క్రోమ్ తప్పదు. 2021 మార్చి నుంచి గూగుల్ ఆ సౌకర్యాన్ని క్రోమియంకి ఇవ్వడం ఆపేసింది కాబట్టి, లినక్స్‌లో దొరికే క్రోమియంలో లాగిన్ అయినా బుక్‌మార్కులు రావు. సింక్ అక్కర్లేకపోతే బ్రేవ్ బాగుంటుంది. ప్రకటనల్ని ఆపే పని బ్రౌజర్‌లోనే ఉంది, ఎక్స్‌టెన్షన్ నిబంధనలతో దానికి సంబంధం లేదు. మొదట తెరిచినప్పుడు కనిపించే క్రిప్టో వాలెట్, రివార్డుల బొమ్మల్ని సెట్టింగ్‌లలో దాచేయండి.

పాస్‌వర్డ్‌లు తరలించడం

నష్టపోయేవాళ్లు ఎక్కువగా ఇక్కడే నష్టపోతారు, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

క్రోమ్ ప్రొఫైల్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని లినక్స్‌లో అతికిస్తే పాస్‌వర్డ్‌లు రావు. విండోస్‌లో వాటికి వేసిన తాళం ఆ విండోస్ యూజర్ ఖాతాతో ముడిపడి ఉంటుంది. ఖాతా పోతే తాళంచెవీ పోయినట్టే. క్రోమ్‌లోని పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్‌లలో ఎక్స్‌పోర్ట్ నొక్కి సీఎస్‌వీ ఫైలుగా తీయాలి. తర్వాత విండోస్‌లోనే ఫైర్‌ఫాక్స్ తెరిచి, పాస్‌వర్డ్‌ల పేజీలో మూడు చుక్కల మెనూలోంచి ఆ ఫైలుని ఇంపోర్ట్ చేయాలి. సీఎస్‌వీలో పాస్‌వర్డ్‌లు తాళం లేకుండా, ఎవరు తెరిచినా చదవగలిగేలా ఉంటాయి. పని కాగానే షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కండి, లేకపోతే అది రీసైకిల్ బిన్‌లో పడి ఉంటుంది. క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్‌లో మాత్రం ఆ ఫైలుని ఒక్క నిమిషం కూడా ఉంచొద్దు.

ఫైర్‌ఫాక్స్ నుంచి ఫైర్‌ఫాక్స్‌కి అయితే దారి సులువు. అడ్రస్ బార్‌లో about:support అని కొట్టి అబౌట్ సపోర్ట్ పేజీ తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డర్ ఎక్కడుందో చూపిస్తుంది. బ్రౌజర్ పూర్తిగా మూసేశాక అందులోంచి మూడు ఫైళ్లు తీసుకోండి: బుక్‌మార్కులూ హిస్టరీ ఉండే ప్లేసెస్ ఎస్‌క్యూలైట్, పాస్‌వర్డ్‌లు ఉండే లాగిన్స్ జేసన్, వాటి తాళంచెవి అయిన కీ4 డీబీ. చివరి రెండూ జంటగా వెళ్లాలి. లాగిన్స్ ఒక్కటే తీసుకెళితే ఫైలు ఉంటుంది, పాస్‌వర్డ్ ఒక్కటీ కనిపించదు. మొత్తం ప్రొఫైల్‌ని ఎత్తుకెళ్లడం కంటే ఈ మూడే నయం. ఎందుకంటే విండోస్‌లోని వెర్షన్ కొత్తదీ లినక్స్‌లోనిది పాతదీ అయితే, ఆ ప్రొఫైల్‌ని తెరవడానికి ఫైర్‌ఫాక్స్ ఒప్పుకోదు.

ఫైర్‌ఫాక్స్ సింక్ ఉంది కదా, ఇదంతా ఎందుకు అనిపించొచ్చు. సింక్ వాడండి, కానీ దాన్ని బ్యాకప్ అనుకోకండి. సర్వర్‌లోని సమాచారానికి తాళం మీ పాస్‌వర్డ్‌తోనే పడుతుంది. విండోస్ చెరిపేశాక పాస్‌వర్డ్ గుర్తురాక, రికవరీ కీ లేకుండా రీసెట్ చేస్తే ఖాతా తెరుచుకుంటుంది గానీ లోపల ఏమీ ఉండదు. ఇంకో పరికరంలో, ఫోన్లోనైనా సరే, సింక్ అయి ఉందని కళ్లారా చూసుకున్నాకే డిస్క్ జోలికి వెళ్లండి. పాస్‌కీల (పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో పిన్‌తోనో లాగిన్ చేయించేవి) సంగతి కూడా చూసుకోవాలి. విండోస్ హలోలో దాచిన పాస్‌కీ ఆ మెషీన్‌లోని విండోస్‌ని దాటి రాదు. అలా లాగిన్ అయ్యే ప్రతి సైటులోనూ రెండో మార్గం ఒకటి ముందే పెట్టుకోండి.

ఏ లినక్స్

లినక్స్ మింట్ 22 సిరీస్, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్. ఉబుంటు అనే మరో లినక్స్ 24.04 వెర్షన్ మీద కట్టింది, అప్‌డేట్లు 2029 వరకు వస్తాయి. మింట్ చెప్పే కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్. హాయిగా నడవాలంటే 4 జీబీ, 100 జీబీ. సినమన్ ఎడిషన్ చూడ్డానికి బాగుంటుంది, 8 జీబీ ఉంటే అదే వేసుకోమనేవాణ్ణి. మీ 4 జీబీలో ఆ రెంటి మధ్య ఉన్న కొన్ని వందల ఎంబీల తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

అలాగని ఇంకా తేలికైన లినక్స్ కోసం నెలంతా వెతకొద్దు. డెస్క్‌టాప్‌లో 200 ఎంబీ మిగిల్చుకున్నా నాలుగు భారీ ట్యాబ్‌లు దాన్ని మింగేస్తాయి. అసలు తేడా రెండు చోట్ల వస్తుంది. ఒకటి, హార్డ్ డిస్క్ తీసి 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టడం. ఏ లినక్స్ మార్పిడీ ఇవ్వనంత వేగం అది ఇస్తుంది. పాత డిస్క్‌ని విండోస్‌తో సహా పక్కన పెట్టుకుంటే వెనక్కి వెళ్లే దారీ ఉంటుంది. రెండు, ఖాళీ స్లాట్ ఉంటే ఇంకో 4 జీబీ ర్యామ్. రెండూ కుదరకపోతే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో జెడ్‌రామ్ కాన్ఫిగ్ అనే ప్యాకేజీ వేయండి. అది ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించి స్వాప్‌గా (ర్యామ్ నిండినప్పుడు వాడే అదనపు చోటుగా) వాడుతుంది, డిస్క్ గిలగిల్లాడటం తగ్గుతుంది.

ఎక్కించే ముందు విండోస్‌లో చేయాల్సినవి

ఫైళ్లన్నీ బయటి డిస్క్‌కి కాపీ చేసి, ఆ డిస్క్‌ని మరో మెషీన్‌కి తగిలించి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. కాపీ అయిందని నమ్మడం వేరు, తెరిచి చూడడం వేరు.

విండోస్‌ని కూడా ఉంచుకునే ఆలోచన ఉంటే పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, లినక్స్ నుంచి ఆ డ్రైవ్ తెరిస్తే చదవడమే తప్ప రాయనివ్వదు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మెషీన్ సెట్టింగ్‌లలో) సెక్యూర్ బూట్ మార్చగానే విండోస్ ఆ కీ అడగొచ్చు. డిస్క్‌లో చోటు తగ్గించే పని విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయండి, 60 నుంచి 100 జీబీ వదలండి. చాలా ఖాళీ ఉన్నా కొంచెమే తగ్గిస్తానంటే, కదపలేని ఫైళ్లు మధ్యలో కూర్చున్నాయని అర్థం. హైబర్నేషన్, పేజ్‌ఫైల్, సిస్టమ్ రిస్టోర్ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

మింట్ సైటులోంచి దించుకునే ఇన్‌స్టాల్ ఫైలు, అంటే ఐఎస్‌ఓ ఫైలు, 3 జీబీకి అటూఇటూ ఉంటుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకోండి, అందులోనివన్నీ పోతాయి. డౌన్‌లోడ్ అయ్యాక, ఫైలు చెడలేదని తేల్చే షా256 సంఖ్యని మింట్ సైటులో ఇచ్చినదానితో పోల్చండి. ఇన్‌స్టాల్ మధ్యలో అర్థంకాని ఎర్రర్లు వచ్చి ఆగిపోవడానికి తరచూ కారణం సగం పాడైన ఐఎస్‌ఓ లేదా అరిగిపోయిన పెన్‌డ్రైవ్. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి రూఫస్ గానీ బలేనా ఎచర్ గానీ వాడండి. ఐఎస్‌ఓని మామూలుగా కాపీ పేస్ట్ చేస్తే బూట్ కాదు.

బూట్ మెనూ కీ కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్. పట్టుబడకపోతే విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి, వచ్చే నీలి తెరలో యూజ్ ఎ డివైస్ కింద పెన్‌డ్రైవ్ కనిపిస్తుంది.

పెన్‌డ్రైవ్ నుంచే ఒకసారి చూడండి

మింట్ డెస్క్‌టాప్ తెరుచుకున్నాక ఇన్‌స్టాల్ ఐకాన్‌ని వెంటనే నొక్కకండి. అరగంట దాన్ని అలాగే వాడండి. వై-ఫై కనెక్ట్ అవుతోందా, ధ్వని వస్తోందా, మైకూ కెమెరా పనిచేస్తున్నాయా, వెలుతురు తగ్గించే కీలు, టచ్‌ప్యాడ్ రెండు వేళ్ల స్క్రోల్, మూత మూసి తెరిస్తే మేలుకుంటోందా, అన్నీ చూడండి. ఫైర్‌ఫాక్స్ అందులోనే ఉంటుంది, మీకు ముఖ్యమైన సైట్లు తెరవండి. వేగం గురించి మాత్రం తీర్పు చెప్పకండి, పెన్‌డ్రైవ్ నుంచి నడిచేటప్పుడు ఏదైనా నత్తనడకే.

తెర నల్లగా ఉండిపోతే మళ్లీ బూట్ చేసి, మొదటి మెనూలో కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకోండి. ఎన్‌విడియా కార్డులతో ఇది మామూలే. వై-ఫై కనిపించకపోతే చాలాసార్లు బ్రాడ్‌కామ్ చిప్ ఉంటుంది. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే ఇంటర్నెట్ వస్తుంది, ఇన్‌స్టాల్ తర్వాత డ్రైవర్ మేనేజర్ సరైన డ్రైవర్ చూపిస్తుంది. ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనిపించకపోతే, బయాస్‌లో స్టోరేజ్ మోడ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీలోనో రెయిడ్‌లోనో ఉందేమో చూడండి, లినక్స్‌కి ఏహెచ్‌సీఐ కావాలి. విండోస్ ఉంచుకునేవాళ్లు ఆ మార్పుని ఊరికే చేసేయకూడదు. విండోస్‌ని ముందు ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లేలా సిద్ధం చేయకపోతే అది మళ్లీ లేవదు.

ఇన్‌స్టాల్ అప్పుడు చార్జర్ పెట్టే ఉంచండి. మల్టీమీడియా కోడెక్‌ల గడిని టిక్ చేయండి, అది మరిచిపోతే వీడియోల దగ్గర తంటా మొదలవుతుంది. విండోస్ అక్కర్లేకపోతే డిస్క్ అంతా చెరిపే ఎంపికే అన్నిటికంటే సులువు. ఉంచుకోవాలంటే పక్కనే ఇన్‌స్టాల్ చేసే ఎంపిక. సమ్‌థింగ్ ఎల్స్ అనేదాంట్లోకి వెళితే ఈఎఫ్ఐ పార్టిషన్‌ని వాడుకోండి గానీ ఫార్మాట్ చేయకండి, విండోస్ బూట్ అయ్యే ఫైళ్లు అందులోనే ఉంటాయి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఎంచుకుంటే ఆ పాస్‌ఫ్రేజ్ మరిచిపోయినవారికి ఎవరూ సాయం చేయలేరు.

మొదటి రోజు

వరసగా నాలుగు పనులు. అప్‌డేట్ మేనేజర్ పూర్తిగా నడపండి. డ్రైవర్ మేనేజర్ చూడండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి ఎన్‌విడియా డ్రైవర్ వేస్తే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో వచ్చే నీలి తెరలో ఎన్‌రోల్ మాక్ (Enroll MOK) ఎంచుకుని అదే ఇవ్వాలి. ఆ తెర కొన్ని సెకన్లే ఉంటుంది. దాన్ని దాటవేస్తే డ్రైవర్ ఎక్కదు, ఎందుకో అర్థం కాదు. టైమ్‌షిఫ్ట్ తెరిచి స్నాప్‌షాట్ తీయండి. అది సిస్టమ్ ఫైళ్లకే కాపు, మామూలుగా మీ ఫొటోలూ డాక్యుమెంట్లూ అందులో చేరవు. చివరగా పాస్‌వర్డ్‌ల ఫైళ్లు తెచ్చి ఫైర్‌ఫాక్స్ మూసి ఉండగా కొత్త ప్రొఫైల్ ఫోల్డర్‌లో పెట్టండి.

తెలుగు టైపింగ్‌కి సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ ఉంది. అందులో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్‌తో పాటు, తెలుగుని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ కూడా దొరుకుతుంది. వేశాక ఒకసారి లాగవుట్ అయి రావాలి, లేకపోతే బ్రౌజర్‌లో కీబోర్డ్ మారదు.

ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌తో ఇప్పుడే పెద్ద పని లేదు. ఎప్పుడైనా తెరిస్తే, సుడోకి పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు మింట్‌లో నక్షత్రాలే కనిపిస్తాయి, కొన్ని లినక్స్‌లలో అవీ కనిపించవు, కీబోర్డ్ పాడైందని కంగారు పడొద్దు. పేస్ట్‌కి కంట్రోల్, షిఫ్ట్, వీ. సుడోతో (ఆదేశానికి సిస్టమ్ మీద పూర్తి అధికారం ఇచ్చే మాట) మొదలయ్యే ఆదేశాన్ని ఎక్కడో చూసి అతికించే ముందు అది ఏం చేస్తుందో చదవండి. ఇల్లు తాళంచెవితో సహా అప్పగిస్తున్నట్టే.

లినక్స్‌లో బ్రౌజర్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది ముఖ్యం

విండోస్‌లో లేని చిక్కు ఇది. ఒకే ఫైర్‌ఫాక్స్ మూడు మూటల్లో దొరుకుతుంది: డెబ్, స్నాప్, ఫ్లాట్‌ప్యాక్. మింట్ డెబ్ ఇస్తుంది, ఉబుంటు 22.04 నుంచి స్నాప్ ఇస్తోంది. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ బ్రౌజర్‌ని ఒక పెట్టెలో ఉంచి నడుపుతాయి. భద్రతకి మంచిదే, కానీ పెట్టె బయట ఉన్నవాటితో మాట్లాడటం కష్టం. విడిగా వేసుకున్న పాస్‌వర్డ్ మేనేజర్ ప్రోగ్రామ్‌కీ బ్రౌజర్‌కీ లంకె కుదరకపోవడం, స్మార్ట్‌కార్డ్ టోకెన్ కనిపించకపోవడం, కొన్ని ఫోల్డర్లలో ఫైళ్లు తెరుచుకోకపోవడం అన్నీ ఈ పెట్టె పుణ్యమే. ప్రొఫైల్ కూడా ఒక్కో మూటకి ఒక్కో చోట ఉంటుంది. రెండు రకాలు వేసుకుని నా బుక్‌మార్కులు మాయమయ్యాయి అనుకునేవాళ్లు మాయమవని బుక్‌మార్కుల్ని వేరే ఇంట్లో వెతుకుతున్నట్టు. ఒక బ్రౌజర్‌కి ఒకే మూట, మింట్‌లో డెబ్.

క్రోమ్‌కి గూగుల్ సైటులోంచి డెబ్ దించి రెండుసార్లు నొక్కితే చాలు. అది తన రిపాజిటరీని (అప్‌డేట్లు వచ్చే చోటుని) తానే చేర్చుకుంటుంది, తర్వాతి అప్‌డేట్లు అప్‌డేట్ మేనేజర్‌లోనే వస్తాయి. క్రోమ్ తెరిచినప్పుడల్లా కీరింగ్ (లినక్స్ పాస్‌వర్డ్‌లు దాచే పెట్టె) అన్‌లాక్ చేయమని పాస్‌వర్డ్ అడిగితే, మీరు ఆటోమేటిక్ లాగిన్ పెట్టుకున్నారన్నమాట. లాగిన్‌లో పాస్‌వర్డ్ కొట్టలేదు కాబట్టి కీరింగ్ తెరుచుకోలేదు. ఆటోమేటిక్ లాగిన్ తీసేయండి. కీరింగ్‌కి ఖాళీ పాస్‌వర్డ్ పెట్టమనే చిట్కా కూడా దొరుకుతుంది, దాంతో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లకి తాళం లేనట్టే.

వీడియో చూస్తుంటే ఫ్యాన్ హోరెత్తితే ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్ సపోర్ట్ తెరిచి కంపోజిటింగ్ అనే వరస చూడండి. వెబ్‌రెండర్ అని ఉంటే సరే, పక్కన సాఫ్ట్‌వేర్ అని ఉంటే గ్రాఫిక్స్ పని అంతా ప్రాసెసర్ మోస్తోంది, డ్రైవర్ సంగతి చూడాలి. డబ్బు కట్టి చూసే వీడియో సైట్లలో బొమ్మ నాణ్యత విండోస్‌లో కంటే తక్కువగా రావచ్చు. లినక్స్‌లో వైడ్‌వైన్ అనే రక్షణ అన్నిటికంటే కింది స్థాయిలో నడుస్తుంది, ఆ సైట్లు అందుకని ఎక్కువ రిజల్యూషన్ ఇవ్వవు. ఏ బ్రౌజర్ మార్చినా ఇది పోదు.

మెమరీ నిండిపోతోందనిపిస్తే ఫైర్‌ఫాక్స్‌లో షిఫ్ట్ ఎస్కేప్ నొక్కండి. ఏ ట్యాబ్ ఎంత తింటోందో వరసగా చూపిస్తుంది, అక్కడే మూసేయొచ్చు. అబౌట్ అన్‌లోడ్స్ పేజీలో ఒక బటన్ ఉంది, నొక్కిన ప్రతిసారీ చాలాసేపు ముట్టుకోని ట్యాబ్‌ని మెమరీలోంచి దించుతుంది, ట్యాబ్ మాత్రం బార్‌లోనే ఉంటుంది.

రెండు సిస్టమ్‌లూ ఉంచుకుంటే విండోస్‌లోకి వెళ్లినప్పుడల్లా గడియారం గంటల తేడా చూపించొచ్చు. లినక్స్ మామూలుగా మదర్‌బోర్డ్ గడియారాన్ని యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చదువుతుంది, విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంలోని సెట్ లోకల్ ఆర్‌టీసీ విలువని 1 చేస్తే రెండూ రాజీపడతాయి. గడియారం బాగా తప్పుంటే బ్రౌజర్‌లో చిన్నగా కాదు, పెద్దగానే దెబ్బ తగులుతుంది: సర్టిఫికెట్ చెల్లదంటూ సైట్లు తెరుచుకోవు.